చంపారణ్యమున జన్మించిన తెలుగు ఆచార్యులు

భిలాయి ఉక్కు కర్మాగారమునకై 1955 ఫిబ్రవరి 2వ తేదీన సోవియట్ దేశముతో ఒడంబడిక కుదిరినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి శ్రీ రాజేంద్రప్రసాదుగారు అచ్చటి మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఆ నాళ్లనుండి జీవనోపాధి వెదకికొనుచు తెలుగు జిల్లాలనుండి ఎందరో ఆ పట్టణము చేరి, బిడ్డలను పెంచి, పెండ్లిండ్లు చేసి, అచ్చటనే స్థిరపడిరి. వారికి 480 ఏండ్లకు ముందు ఆ ప్రాంతమునకే మరియొక తెలుగు కుటుంబము వచ్చెను. అది పనికొరకు వచ్చినది గాదు. ప్రాణభయముచే పరుగిడుచు వచ్చినది. మహానది సమీపమున ఒక అడవిలో ఆ యిల్లాలికి నెలలు నిండకయే ప్రసవమయ్యెను. పుట్టిన బిడ్డ కదలలేదు, ఏడ్వలేదు.

ఆ బిడ్డయే శుద్ధాద్వైత సిద్ధాంతమును ప్రతిపాదించి, పుష్టిమార్గమును నెలకొల్పిన శ్రీ వల్లభాచార్యులు. గుజరాతునందును, రాజస్థానమునందును, వ్రజభూమియందును లక్షలాది గృహములలో నిత్యము వారి నామస్మరణ జరుగుచున్నది. హిందీ సాహిత్యమున సూరదాసాది కవుల కృష్ణలీలా గీతములకు మూలమెచ్చటనని వెదకినచో దారి వారియొద్దకే చేరును. ఇంతటి మహనీయుడు తెలుగువాడను సంగతి తెలుగునాట మాత్రము అందరకు తెలియదు.

వారి జయంతి తెలుగు పంచాంగము ప్రకారము చైత్ర బహుళ ఏకాదశినాడు వచ్చును. దీనినే వరూథిని ఏకాదశి యందురు. ఉత్తరదేశపు పుస్తకములలో ఇదే దినము వైశాఖ బహుళ ఏకాదశియని యుండును. చూచినవారు రెండు తిథులున్నవని భ్రమపడవచ్చును గాని, భేదము తిథిలో లేదు. మనకు అమావాస్యతో మాసము ముగియును; వారికి పూర్ణిమతో ముగియును. కావున బహుళ పక్షమునందు మాత్రము వారి మాసము మనకంటె ఒకటి ముందుండును. సంప్రదాయజ్ఞులు చెప్పు సంవత్సరము విక్రమశకము 1535. అది క్రీస్తుశకము 1479. కొందరు పరిశోధకులు ఒకటి రెండేండ్లు, మరికొందరు అంతకెక్కువయు ముందునకు జరుపుదురు.

వల్లభుల పూర్వులు వెలనాటి వైదిక బ్రాహ్మణులు, భారద్వాజ గోత్రజులు, కృష్ణయజుర్వేదము, తైత్తిరీయ శాఖ. వారి స్వగ్రామము కాంకరవాడ. ఆ వంశమునందు యజ్ఞనారాయణభట్టు అనునతడు సోమయాగములకు పూనుకొనెను. నూరు సోమయాగములు పూర్తియైన యింట భగవదంశ అవతరించునని ఆయనకు వరము లభించెనట. యజ్ఞనారాయణులు 32, వారి కుమారులు గంగాధరులు 28, మనుమలు గణపతిభట్టు 30, మునిమనుమలు 5, ఆ తరువాతివాడగు లక్ష్మణభట్టు 5 యాగములు చేయగా నూరు నిండెనని సంప్రదాయ గ్రంథములు లెక్క చెప్పుచున్నవి. తాత సంకల్పించిన కార్యమును మునిమనుమని కొడుకు ముగించుట నేటివారికి వింతగా తోచును. ఆ యిండ్లలో అది సహజము.

లక్ష్మణభట్టుగారి ధర్మపత్ని పేరు ఇల్లమ్మ. ఉత్తరదేశమున వెలసిన హిందీ, గుజరాతీ గ్రంథములు పెక్కింటియందు ఆమె పేరు ఇల్లమ్మగారు అని యుండును. గారు అనునది మన గౌరవవాచకమని యెరుగక, అదియు పేరులోని భాగమేయని వారు తలంచిరి. ఆ విధముగా ఐదువందల ఏండ్లనుండి తెలుగు రాని భక్తులు ఆ తల్లిని తెలుగువారి మర్యాదతోనే పిలుచుచున్నారు.

నూరు యాగములు ముగిసిన పిమ్మట లక్ష్మణభట్టు కాశికి పోయి బ్రాహ్మణ సంతర్పణ చేయ సంకల్పించి, సకుటుంబముగా అచ్చట నివసించుచుండిరి. కాశి అప్పుడు జౌన్‌పూరు షర్కీ సుల్తానుల యేలుబడిలో నుండెను. 1479లో ఢిల్లీ సుల్తాను బహ్లూల్ లోడీ హుస్సేన్ షా షర్కీని ఓడించి జౌన్‌పూరును కైవసము చేసికొనెను. యుద్ధము దాపురించినదనియు, కాశి దోపిడికి గురియగుననియు వదంతులు వ్యాపింపగా, దక్షిణదేశీయులు గుంపులుగా నగరము వీడి స్వదేశపు దారి పట్టిరి. ఎనిమిదవ మాసపు గర్భిణియగు ఇల్లమ్మగారు భర్త వెంట ఆ గుంపులో నడచినది.

చంపారణ్యము చేరునప్పటికి ఆమెకు నొప్పులారంభమయ్యెను. తోడివారు సాగిపోవుచుండిరి, రాత్రి యగుచుండెను. పుట్టిన శిశువునందు ప్రాణచిహ్నము కనబడకపోవుటచే ఆమె బిడ్డను వస్త్రములో చుట్టి, ఒక జమ్మిచెట్టు తొఱ్ఱలో నుంచి, పైన ఆకులు కప్పి, భర్తవద్దకు నడచి పోయి సంగతి చెప్పెను. ఆ రాత్రి వారు చేరువనున్న ఊర తలదాచుకొనిరి. కాశిలో అల్లరి అణగినదని అచ్చట వార్త తెలిసినది. తెల్లవారి తిరుగుప్రయాణమున అదే చెట్టుకడకు వచ్చి చూడగా, చుట్టును అగ్ని వలయముగా మండుచుండ, నడుమ బిడ్డ కాలి బొటనవ్రేలు నోటనుంచుకొని ఆడుకొనుచుండెనట. తల్లి చేతులు చాచి ముందునకు సాగగా అగ్ని తొలగి దారి యిచ్చెనట. ఈ కారణముచేతనే భక్తులు వల్లభులను వైశ్వానరావతారమందురు. అగ్నివలయమును నమ్ముటకు సంకోచించువారుందురు. కాని యిందు ఎవ్వరును శంకింపనక్కరలేని విషయమొకటి కలదు. మరణించినదనుకొని అడవిలో విడిచిన బిడ్డకొరకు ఆ తల్లి, తన దేహము నిలువని స్థితిలో, మరల ఆ చెట్టువద్దకే నడచి వచ్చినది.

కాశిలో బాలుని విద్య ఆశ్చర్యకరమైన వేగముతో సాగెను. ఎనిమిదవ యేట ఉపనయనమయ్యెను. నాలుగు వేదములు, షడ్దర్శనములు, శంకర రామానుజ మధ్వ నింబార్కుల భాష్యములు, బౌద్ధ జైన గ్రంథములు సైతము కొలది సంవత్సరములలో అభ్యసించెనని చెప్పుదురు. ఇందు భక్తుల అతిశయోక్తి కొంత యుండవచ్చును. అయినను తరువాతి గ్రంథములలో పూర్వపక్షములను ఆయన నిలిపిన తీరు చూచినవారికి, పరమతముల నిజముగా చదివినవాడే అట్లు వ్రాయగలడని తెలియును.

వల్లభునికి 11 ఏండ్ల ప్రాయమున తండ్రి గతించెను. సంప్రదాయము ప్రకారము అది తిరుపతి క్షేత్రమునందు జరిగినది. ఇల్లమ్మగారి సోదరుడు విజయనగర రాజ్యమున కొలువులో నుండెను. ఆయన యింట తల్లిని నిలిపి, ఆమె యనుజ్ఞ గైకొని, బాలుడు యాత్రకు బయలుదేరెను. నాటినుండి ఇంచుమించు రెండు దశాబ్దములు ఆయన జీవితము కాలినడకయే. ధోవతి, ఉత్తరీయము తప్ప కుట్టిన బట్ట తొడుగలేదు, పాదరక్షలు ధరింపలేదు. భారతభూమిని మూడు పర్యాయములు ప్రదక్షిణించిరని చెప్పుదురు. దామోదరదాసు హర్సానీ, కృష్ణదాసు మేఘన్ అను శిష్యులు వెంట నుండిరి. ఊరి వెలుపల, చెరువుగట్టున, చెట్టుక్రింద బస. అచ్చట భాగవత పారాయణము. వారు కూర్చుండి భాగవతము చెప్పిన స్థలములను బైఠకులందురు. అవి 84. వానిలో తిరుపతియు, మంగళగిరియు, పంపా సరోవరమును, కృష్ణాతీరమును కలవు. మంగళగిరి పానకాల నరసింహుని దర్శించు తెలుగువారు గుజరాతీ యాత్రికులు అచ్చటికి వచ్చుట చూచి యుండవచ్చును. వారి రాకకు కారణమిది.

భాగవతము మన భాషలో పోతనామాత్యుని ముఖమున వెలువడినదియు ఆ శతాబ్దమునందే. తాళ్లపాక అన్నమాచార్యులు 1503 వరకు తిరుపతియందు స్వామికి సంకీర్తనలర్పించుచుండిరి. భక్తి దేశభాషలయందు పొంగిపొరలుచున్న కాలమది. వల్లభులు మాత్రము తమ గ్రంథములన్నియు సంస్కృతముననే రచించిరి. ఇంట మాటలాడినది తెలుగు, వీథిలో వ్రజభాష, వ్రాతకు సంస్కృతము.

విజయనగర సభలో జరిగిన వాదము వారి చరిత్రమున ప్రసిద్ధ ఘట్టము. శ్రీకృష్ణదేవరాయలు (1509-1529) కొలువున వైష్ణవ స్మార్త పండితులు అనేక దినములు వాదించుచుండిరనియు, మధ్వమత పీఠాధిపతులగు వ్యాసతీర్థులు అచ్చట ప్రముఖులనియు, యువకుడగు వల్లభుడు అనాహూతుడై వచ్చి బ్రహ్మవాదమును స్థాపించెననియు సంప్రదాయ గ్రంథములు వర్ణించుచున్నవి. ఆ గ్రంథములు చెప్పు సంవత్సరములు ఒకదానితో నొకటి పొసగవు. రాయలు ఆచార్యునకు కనకాభిషేకము చేయించెను. అభిషేకించిన బంగారము స్నానజలముతో సమానమని వల్లభులు దానిని ముట్టక పంచిపెట్టించిరి. తరువాత రాజు పళ్లెము నిండ నాణెములు సమర్పింపగా, వానిలో 7 మాత్రము గ్రహించి, వానితో శ్రీకృష్ణునకు అందెలు చేయించిరట. తెలుగు రాజు కొలువులో తెలుగు పండితునకు జరిగిన ఈ సత్కారమును వ్రజదేశమున చిత్రించి పూజించుచుండగా, మనవారి కథలలో రాయల సభ యనగానే అష్టదిగ్గజములే గాని వల్లభుని పేరు వినబడదు.

మొదటి యాత్రలోనే జార్ఖండమను అడవి ప్రదేశమున ఉండగా వ్రజమునకు రమ్మను దైవప్రేరణ కలిగెను. గోవర్ధనగిరిపై ఒక శిలామూర్తి యొక్క పైకెత్తిన చేయి తొలుత కనబడి, పిమ్మట ముఖము బయల్పడినదనియు, చేరువ పల్లెవాసి సద్దూ పాండే కుటుంబము పాలు నివేదించుచుండెననియు వినికిడి. వల్లభులు అచ్చటికేగి, ఆ మూర్తిని శ్రీనాథునిగా గుర్తించి, చిన్న మందిరమున నిలిపి, సేవాక్రమమును ఏర్పరచిరి. అంబాలా వర్తకుడు పూర్ణమల్ల ఖత్రి ధనముతో 1499లో పెద్ద దేవాలయమునకు పునాది పడెను. నడుమ ద్రవ్యము చాలక పని ఆగి, పూర్తియగుటకు ఇరువదేండ్లు పట్టెను.

ఆ కాలముననే గోకులమున, యమునా తీరమందలి గోవిందఘట్టమున, ఆచార్యులు ఒక చిక్కులో పడిరి. జీవుడు దోషములతో నిండినవాడు, భగవంతుడు నిర్దోషి. ఈ యిరువురకు సంబంధమెట్లు ఘటించును? తపస్సుచే ముందు శుద్ధుడై తరువాత చేరవలెనన్నచో, కలియుగమున అది ఎవ్వరికి సాధ్యము? శాస్త్రము చదువని వణిజునికి, కూలివానికి, స్త్రీకి మార్గమేది? ఇది వాదసభలో ప్రతివాది వేసిన ప్రశ్న గాదు. దేశమంతయు నడచి, తమయొద్దకు వచ్చినవారి ముఖములను చూచిన పిమ్మట లోపల పుట్టిన ప్రశ్న. శ్రావణ శుద్ధ ఏకాదశి అర్ధరాత్రమున దీనికి సమాధానము లభించెను. ఆత్మను, దేహమును, తనదను సర్వమును ముందు కృష్ణునకర్పించినచో ఆ సంబంధము చేతనే దోషములు అడ్డుగా నిలువవు. శుద్ధి తరువాతిదే గాని ముందు షరతు గాదు. ఈ విషయమునే వారు సిద్ధాంతరహస్యమను చిన్న గ్రంథమున వ్రాసిరి. ఆ రాత్రి దామోదరదాసు చేరువనే పరుండియుండెను. ఏమైనను వింటివా యని గురువులడుగగా, మాటలు చెవిని పడినవి గాని అర్థము కాలేదని అతడు ఉన్నదున్నట్లు చెప్పెను. తెలిసినట్లు నటింపని ఆ శిష్యునకే మరునాడు ప్రథమ దీక్ష లభించెను.

వల్లభుల వేదాంతమునకు శుద్ధాద్వైతమని పేరు. శుద్ధమనగా మాయాసంబంధము లేనిదని యర్థము. శంకర సంప్రదాయమున జగత్తునకు మాయ చేత భాసము చెప్పబడినది. వల్లభులు జగత్తు సత్యమనిరి. బంగారము తాను మారకయే నగలగునట్లు, బ్రహ్మము తాను వికారము నొందకయే జగద్రూపమున వెలయును. నేను, నాది యనుకొను సంసారము మాత్రము జీవుని అవిద్యచే కలిగినది, అది నశించును. జగత్తు వేరు, సంసారము వేరు. సచ్చిదానందములలో జడమునందు చిత్తును ఆనందమును మరుగుపడియున్నవి. జీవునియందు ఆనందము మాత్రము మరుగుపడినది. దానిని బయల్పరచునది భగవదనుగ్రహము. భాగవతమున పోషణమను పేర నున్న ఈ యనుగ్రహమునే వారు పుష్టి యనిరి. వేదము, బ్రహ్మసూత్రములు, గీత అను ప్రసిద్ధ ప్రస్థానత్రయమునకు నాలుగవదిగా భాగవతమును ప్రమాణముగ నిలిపిన ఘనత వారిది.

జగత్తు సత్యమైనప్పుడు ఇల్లు విడువనక్కరలేదు. పండరపురమున విఠలుడు వివాహము చేసికొమ్మని ఆజ్ఞాపించెనని చెప్పుదురు. వల్లభులు కాశిలో స్వకులజయగు మహాలక్ష్మిని పెండ్లాడిరి. సంప్రదాయము ఆమెను అక్కాజీ యని వ్యవహరించును. అందలి అక్క మన అక్కయేయని తోచును. ప్రయాగకెదురుగా యమున ఆవలి గట్టుననున్న అడేల్ గ్రామమున కాపురము. 1511 ప్రాంతమున గోపీనాథుడును, 1515లో విఠలనాథుడును జన్మించిరి. శ్రీకృష్ణచైతన్యులు ప్రయాగకు వచ్చినప్పుడు వల్లభులు వారిని అడేల్‌లోని తమ యింటికి ఆహ్వానించి ఆతిథ్యమిచ్చిన విషయము చైతన్యచరితామృతమునందు కలదు.

ఆ యింట సిరి లేదు. ఒక దినమున నైవేద్యమునకు బియ్యము లేక, ఠాకూరుజీ యొక్క బంగారు గిన్నెను కుదువబెట్టి సరుకు తెప్పించిరట. వంట అయ్యెను, నివేదనయు అయ్యెను. ఆ ప్రసాదమును మాత్రము ఆచార్యులు ఇంటివారిని ముట్టనీయక ఆవులకు పెట్టించిరి. స్వామి సొత్తుతో వచ్చిన అన్నమది. తాము తినుటకు తగదని వారి తీర్పు. ఆ దినమున ఇంటిల్లపాది ఉపవాసముండిరి. తరువాతి తరములలో ఆ సంప్రదాయపు మందిరములకు చేరిన సంపదను తలచునప్పుడు ఈ గిన్నె కథను గూడ తలచుట మంచిది.

ఆగ్రా మథురల నడుమ గౌఘాటమున ఒక అంధగాయకుడు శిష్యులతో నివసించుచుండెను. ఆయనయే సూరదాసు. వల్లభులు ఆ దారిని పోవుచు పాట వినగోరిరి. సూరదాసు తాను పాపులలో అగ్రగణ్యుడనని దైన్యముతో పాడెను. ఆచార్యులు కొంతసేపు విని, శూరుడవై యుండి ఇట్లు దీనముగ మూల్గుటెందుకు, భగవల్లీలను పాడుమనిరి. లీల తనకు తెలియదని సూరదాసు బదులుచెప్పెను. స్నానము చేసి రమ్మని దీక్షనిచ్చి, భాగవత దశమస్కంధ విషయానుక్రమమును చెప్పగా, ఆ క్షణమునుండి పాటకు దారి మారినదని చౌరాసీ వైష్ణవన్ కీ వార్త చెప్పుచున్నది. ఈ కలయికను నేటి పరిశోధకులు కొందరు అంగీకరింపరు. సూరదాసు పదములలో గురువుపేరు కానరాదని వారి వాదము. సంప్రదాయము మాత్రము వీరిరువురిని జన్మదినముల చేతనే ముడివేసినది. గురువుకంటె శిష్యుడు సరిగా పదిదినములు చిన్న. అందుచేతనే వల్లభ జయంతి కడచిన పదవనాడు, వైశాఖ శుద్ధ పంచమిని, సూర జయంతి జరుపుదురు.

పరమానందదాసు కథ మరియొక తీరు. ఆయన విరహగీతమును విని ఆచార్యులే మూడు దినములు బాహ్యస్మృతి లేక పడియుండిరట. కుంభనదాసు గోవర్ధనమున పొలము దున్నుకొను రైతు. శ్రీనాథుని సన్నిధిని మొదట పాడినవాడాయనయే. కృష్ణదాసు గుజరాతునుండి వచ్చిన కుణబీ. దేవాలయ నిర్వహణమంతయు అతని చేతిలో నుండెను. ఈ నలుగురకు విఠలనాథుని శిష్యులు నలుగురు చేరగా అష్టఛాప కవులైరి. గృహస్థులు, రైతులు, వర్తకులు, స్త్రీలు గల ఆ 84 మంది వైష్ణవుల జాబితా చూచినచో, గోవిందఘట్టపు ప్రశ్నకు సమాధానము ఎవరికొరకు వెదకబడినదో తెలియును.

ఇక గ్రంథముల సంగతి. తత్త్వార్థదీపనిబంధము, బ్రహ్మసూత్రములపై అణుభాష్యము, షోడశగ్రంథములను 16 చిన్న కృతులు, పత్రావలంబనము మొదలగునవి కలవు. కాశిలో నిత్యము వాదమునకు వచ్చువారితో సేవకు కాలము చాలక, తమ మతమును పత్రముపై వ్రాసి విశ్వేశ్వరాలయపు గోడకు అంటించిరట, అదియే పత్రావలంబనము. కాని ఆచార్యుల హృదయమంతయు భాగవత వ్యాఖ్యయగు సుబోధినియందుండెను. వారు చెప్పుచుండగా కాశ్మీర దేశీయుడగు మాధవభట్టు వ్రాయుచుండెడివాడు. అర్థము కానిచోట అతడు నోరు మెదపక కలము క్రింద నుంచెడివాడట. కలము ఆగుట చూచి గురువులు ఆ విషయమును మరల విశదీకరించెడివారు. ఆ వ్యాఖ్య నేటికిని కఠినమే. మాధవభట్టు మరికొన్ని మారులు కలము దింపియున్నచో బాగుండెడిదని చదువరులకు తోచును.

సుబోధిని మొదటి మూడు స్కంధములకు క్రమముగా సాగినది. పిమ్మట వ్యాఖ్య ఒక్కసారిగా దశమ స్కంధమునకు దుమికినది. దీనికి కారణమును సంప్రదాయము ఇట్లు చెప్పును. గంగాసాగరమున నుండగా, దేహము విడిచి రమ్మని స్వామి ఆజ్ఞ అయ్యెను. వ్యాఖ్య అప్పటికి సగమైనను కాలేదు. ఆచార్యులు ఆ ఆజ్ఞను పాటింపలేకపోయిరి. కాలము తక్కువయని గ్రహించి, నడిమి స్కంధములను విడిచి, కృష్ణలీలా సర్వస్వమగు దశమమును చేపట్టిరి. మధువనమున రెండవ పర్యాయము పిలుపు వచ్చెను. ఇది దేశమును విడువుమని. అప్పుడును పుస్తకము ముగియలేదు, అప్పుడును ఆగిరి. దశమము ముగించి ఏకాదశ స్కంధము మొదలిడి కొన్ని అధ్యాయములు నడచునప్పటికి మూడవ ఆజ్ఞ వచ్చెను. సర్వమును విడిచి సన్న్యసింపుమని దాని భావము.

సమర్పణమే ధర్మమని లోకమునకు బోధించిన గురువు స్వామి మాటను రెండుమారులు దాటిరి. దాటించినది ధనము గాదు, పదవి గాదు, భార్యాపుత్రులు గాదు. భగవంతునిగూర్చిన పుస్తకమే. వారు దీనిని దాచుకొనలేదు. అంతఃకరణప్రబోధమను చిన్న కృతిలో తమ మనస్సును తామే పిలిచి మందలించుకొనిరి; రెండాజ్ఞలు తీరలేదని ఒప్పుకొనిరి. ఈడువచ్చిన కూతురిని మమకారముచే అత్తవారింటికి పంపక నిలుపుకొను తల్లిదండ్రులను ఉదాహరించి, దేహమునెడ అట్టి మమత తగదనియు, దానివలన వరుడు సంతోషింపడనియు తలపోసిరి. ఆచార్యపీఠమున నున్నవారు తమ తప్పును శిష్యులు చదువునట్లు శ్లోకబద్ధము చేయుట అరుదు.

ఇందు మరియొక చిక్కును కలదు. సన్న్యాసనిర్ణయమున వారే, కలియుగమున కర్మజ్ఞాన మార్గముల సన్న్యాసము తగదనియు, భగవద్విరహమును అనుభవించుట కొరకు మాత్రమే సర్వత్యాగము ఒప్పుననియు వ్రాసియుండిరి. జీవితమంతయు గృహస్థాశ్రమమునే నిలిపినవారు ఇప్పుడు కాషాయమునకు సిద్ధపడవలెను. దానికి భార్య సమ్మతి కావలెను. అక్కాజీ సమ్మతింపలేదు. ఒకనాడు ఆచార్యులు లోపలనుండగా ఇంటికి నిప్పంటుకొనెను. ఆమె భయముతో, వెంటనే ఇల్లు విడిచి వెడలుడని కేక వేసెనట. ఆ మాటనే అనుమతిగా గ్రహించి వారు గృహము వీడిరి. తొందరలో నోటినుండి జారిన ఆ ఒక్క మాటను తరువాత తలచుకొని ఆ యిల్లాలు ఎంత వగచెనో ఏ వార్తయందును వ్రాయబడలేదు.

సన్న్యాసము స్వీకరించి, కాలినడకను కాశికి వచ్చి, హనుమాన్ ఘట్టమున మౌనవ్రతముతో నిరాహారులై యుండిరి. సన్న్యాస దశ ఇంచుమించు 40 దినములు. గోపీనాథ విఠలనాథులు వెదకికొనుచు వచ్చి, తమ కర్తవ్యమేమని తండ్రిని అడిగిరి. పెద్దవానికి 20 ఏండ్లు, చిన్నవానికి 15. ఆచార్యులు మౌనము వీడలేదు. గంగాతీరపు ఇసుకపై వ్రేలితో మూడున్నర శ్లోకములు వ్రాసిరి. శ్రీకృష్ణుని విడిచి బహిర్ముఖులైనచో కాలప్రవాహము మిమ్ము మ్రింగివేయునని వాని సారాంశము. అటుపిమ్మట గంగలో దిగి, ప్రవాహ మధ్యమునకు నడచి, మరల కనబడలేదు. ఆ సంవత్సరము 1531. ఆషాఢ శుద్ధ పక్షపు ఆరంభ దినములు. వయస్సు 52. నీటినుండి ఒక జ్యోతి పైకెగసినదని ఒడ్డుననున్నవారు చూచిరట.

సుబోధిని అట్లే ఆగిపోయినది. నాలుగవ స్కంధము మొదలు తొమ్మిదవ స్కంధము వరకు ఆచార్యుల సుబోధిని లేదు. అణుభాష్యమును అసంపూర్ణముగనే యుండెను. దానిని తరువాత విఠలనాథులు మూడవ అధ్యాయము రెండవ పాదము 34వ సూత్రమునుండి తుదివరకు పూరించిరి. నూరు యాగములను ఐదు తరములు పంచుకొన్న వంశమున తండ్రి భాష్యమును కొడుకు ముగించెను. విఠలనాథుని ఏడుగురు కుమారులవలన ఏడు గృహములేర్పడి సంప్రదాయము పశ్చిమ భారతమంతట వ్యాపించెను. ఔరంగజేబు కాలమున గోవర్ధనమునుండి శ్రీనాథుని రథముపై తరలించి, 1672లో మేవాడు రాజ్యమందలి సింహాడ్ గ్రామమున ప్రతిష్ఠించిరి, అదియే నాథద్వారము. ఆ గోస్వాములు పలు తరములు తైలంగ బ్రాహ్మణ కుటుంబములతోనే వివాహసంబంధములు నెరపుచు వచ్చిరి. వారి యిండ్లలో తెలుగు మాట మాత్రము నిలువలేదు.

చంపారణ్ గ్రామమున నేడు వల్లభుల బైఠకులు రెండు కలవు. చేరువనే చంపేశ్వర మహాదేవుని ప్రాచీనాలయము. చుట్టునున్న వనమున చెట్టు నరకరాదని కట్టుబాటు. రాయపురమునకు ఆగ్నేయముగ, రాజీవలోచనుడు వెలసిన రాజిమ క్షేత్రపు పరిసరములలో నున్న ఈ గ్రామమునకు చైత్ర బహుళ ఏకాదశినాడు దూరదేశములనుండి యాత్రికులు వత్తురు. భిలాయినుండి ఉదయమున బయలుదేరినవారు దర్శనము ముగించుకొని సాయంకాలమునకు ఇల్లు చేరవచ్చును.